గీత చెరగని కోత, సందు లేని అతుకు

మా నాయనమ్మ వాడిన రిహల్ ఒకటి మా ఇంట్లో ఉంది. దివ్యఖుర్ఆన్‌ను ఉంచి పఠించేందుకు వాడే ఈ చిన్న కొయ్యపీట ముస్లింల ఇళ్ళలో దాదాపు ప్రతిచోటా కనిపించేదే. మూస్తే అది ఒకే పలక. తెరిస్తే గుణకారపు గుర్తులా అడ్డంగా నిలిచే రెండు రెక్కలు. పాతకాలపు రిహల్‌లో మేకు ఉండదు, ఇనుప బందు ఉండదు, బంక చుక్క కూడా ఉండదు. రెండు పలకలను తెచ్చి కలిపినది కాదది. ఒకే పలకను నడుమ చీల్చి, చీలిన రెండు భాగాలూ విడిపోకుండా ఒకదానిలో ఒకటి తిరిగేటట్లు కోసినది. దాని అతుకును చేసింది రంపమే.

నిరుడు ఆ రిహల్ మడతలో ఒక కణుపు విరిగింది. మా అమ్మాయి అప్పటికే ఖాయిదా ముగించింది. రమజాన్ మొదటి రోజున మొదటి పారా ప్రారంభించాలని ఇంట్లో నిశ్చయించుకున్నాము. పది రోజులు మాత్రమే మిగిలాయి. బజారులో రిహల్‌లు దొరకకపోవు. కాని తాతగారి ఇంటి కిటికీ నుండి తీసి దాచిన టేకు రెక్క ఒకటి అటక మీద ఉంది. దానిలో రెండు రిహల్‌లకు సరిపడే కొయ్య ఉంది. చిన్ననాట తాతగారి ప్రక్కన కూర్చుని కొంత పని నేర్చినవారము గనుక, మనమే చేద్దామని పూనుకున్నాము.

మొదటి పలక పాడైంది. ఎందుకు పాడైందో, రెండవది ఎలా నిలిచిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కొయ్యపని చేసేవారికి ఇది నేరుగా ఉపయోగపడుతుంది. చేయనివారికి తమ ఇంటి తలుపును, మంచాన్ని, మస్జిద్‌లోని మింబర్‌ను మరోసారి పరికించి చూసేందుకు ఉపయోగపడుతుంది.

ఎక్కడ తప్పాము?

రిహల్ పలక మందం రెండు సెంటీమీటర్లు అనుకుందాం. దాని నడుమ అడ్డంగా ఒక పట్టీని మడత కొరకు విడిచిపెట్టాలి. ఆ పట్టీని అయిదు కణుపులుగా భాగించాలి. ఒకటి, మూడు, అయిదు కణుపులు ఒక రెక్కకు చెందుతాయి. రెండు, నాలుగు మరో రెక్కకు. కణుపుకూ కణుపుకూ మధ్య చిన్న రంధ్రం వేసి, దాని గుండా సన్నని రంపపు పట్టీని దూర్చి కోయాలి. కణుపులు తిరిగేందుకు వీలుగా రెండు ముఖాల మీదా ఉలితో గుండ్రంగా దిద్దాలి. ఆ తరువాతనే అసలు పరీక్ష. పలకను ఒక చివర నుండి మడత వరకు, తిరిగి రెండవ చివర నుండి మడత వరకు, మందానికి సరిగ్గా నడిమి నుండి రెండుగా చీల్చాలి. రంపం తిన్న పొడి పోగా ఒక్కో రెక్కకు మిగిలేది తొమ్మిది మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ.

మేము ఆ నిలువు కోతను ఎంతో శ్రద్ధగా కోశామనుకున్నాము. మాకు ఎదురుగా ఉన్న అంచు మీద గీత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కాని రెక్కలను తెరవబోతే రెండవ కణుపు వద్ద చిటుక్కుమని శబ్దం వచ్చింది. పలకను త్రిప్పి చూస్తే సంగతి తెలిసింది. మేము చూడని వెనుక అంచు మీద రంపం గీతను విడిచి మూడు మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగిపోయి, కణుపు మొదలును కోసివేసింది.

ఒక పరిచయస్థుడు సులభమైన ఉపాయం చెప్పాడు. రంపపు పొట్టును బంకతో కలిపి పగులులో కూరి, అడుగున చిన్న ఇనుప బందు బిగించి, పైన వార్నిషు పూస్తే ఎవరికీ తెలియదన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు. ఆ మాటే మమ్మల్ని ఆపింది. దైవగ్రంథాన్ని మోయవలసిన పీటలో ఒక కపటాన్ని దాచి, దానిని మా బిడ్డ ముందు ఉంచడానికి చేతులు రాలేదు.

విరిగిన పలకను తీసుకుని పాతబజారులోని ఒక వృద్ధ వడ్రంగి వద్దకు వెళ్ళాము. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తుంది. ఆయన పలకను ఎండ వెలుగులో ఇటూ అటూ త్రిప్పి చూసి, "బేటా, మీరు ఒక గీతనే చూశారు. కోతకు ఎప్పుడూ రెండు గీతలుంటాయి" అన్నారు. తరువాత మూడు సాయంత్రాలు అసర్ నమాజు అనంతరం ఆయన అంగడి ముందు కూర్చున్నాము. ఈ క్రింది విషయాలలో అధిక భాగం అక్కడ నేర్చినవే.

కోతకు ముందు గీత

తప్పు కోతలలో చాలావరకు రంపం పట్టకముందే మొదలవుతాయి. పెన్సిలు గీతకు వెడల్పు ఉంటుంది. మొద్దుబారిన పెన్సిలైతే అర మిల్లీమీటరుకు పైబడే ఉంటుంది. ఆ గీతకు ఈవల కోయాలా, ఆవల కోయాలా, నడుమనా? ఒక్కో ముక్కకు ఒక్కో విధంగా కోస్తే అతుకులో ఆ తేడా సందుగా బయటపడుతుంది. అందువల్ల అతుకు వద్ద చురకత్తితో గీయాలి. కత్తిగీతకు దాదాపు వెడల్పు ఉండదు. పైగా అది కొయ్య పైపొరలోని నారను ముందే తెంపుతుంది. రంపం పళ్ళు తగిలినప్పుడు అంచు పెచ్చులూడదు.

గీత గీసే మూలమట్టం నిజంగా సమకోణమేనా? దీనిని పరీక్షించడం ఎంతో సులభం. నిట్రుగా ఉన్న పలక అంచుకు మూలమట్టాన్ని ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లించి, అదే బిందువు నుండి మరో గీత గీయండి. రెండూ కలిసిపోతే పరికరం సరైనది. విడిపోతే, వాటి నడుమ కనిపించే ఎడం అసలు దోషానికి రెట్టింపు. ఇంట్లో ఉన్న ఏ మూలమట్టాన్నయినా ఈ విధంగా ఒక నిమిషంలో పరీక్షించవచ్చు.

తరువాత, కొయ్యకు ఒక ముఖాన్ని, ఒక అంచును మూలంగా ఎంచుకుని, వాటి మీద గుర్తు పెట్టుకోవాలి. ప్రతి గీతకూ మూలమట్టాన్ని ఆ ముఖానికో, ఆ అంచుకో మాత్రమే ఆనించాలి. ఒకసారి ఇటు, మరోసారి అటు ఆనిస్తే కొయ్యలోని స్వల్ప వంకరలన్నీ గీతలోకి వస్తాయి. సమాంతర గీతలకు ఉర్దూ మాట్లాడే వడ్రంగులు ఖత్‌కష్ అని పిలిచే పరికరాన్ని వాడతారు. అంచుకు ఆనించి లాగితే అది అంతటా ఒకే దూరంలో గీత పెడుతుంది.

సాధ్యమైన చోటల్లా టేపుతో కొలవడం కంటే, అతుకులో కలవబోయే రెండవ ముక్కనే మొదటి దాని మీద ఉంచి గుర్తు గీయడం మేలు. కొలతను అంకెగా చదివి, గుర్తుంచుకుని, మళ్ళీ గీసే ప్రతి మెట్టులోనూ పొరపాటుకు తావుంది. ముక్కను ముక్క మీద ఉంచి గీస్తే ఆ మెట్లు ఉండవు.

రంపాన్ని తెలుసుకోవడం

ఉర్దూలో ఆరీ అని పిలిచే రంపం చూపుకు ఒకటే అయినా, దాని పళ్ళు రెండు రకాలు. నార పొడవునా కోసే నిలువు కోతకు పళ్ళు చిన్న చిన్న ఉలుల వలె ఉండి కొయ్యను చెక్కుతూ పోతాయి. నారకు అడ్డంగా కోసేందుకు పళ్ళు కత్తిమొనల వలె ఏటవాలుగా పదును పెట్టబడి, నారను రెండు వైపులా తెంపుతాయి. ఒక దాని పనికి మరొకటి వాడితే కోత నెమ్మదిస్తుంది, లేదా అంచు చీలికలు లేస్తుంది. రిహల్‌ను చీల్చేది నిలువు కోత. మేము వాడినది అడ్డకోత రంపం. ఇది మా రెండవ తప్పు.

రంపపు పళ్ళను ఒకటి విడిచి ఒకటి కుడికీ ఎడమకూ కొద్దిగా వంచుతారు. అందువల్ల కోత రేకు మందం కంటే కొంచెం వెడల్పుగా పడి, రేకు కొయ్యలో బిగుసుకోకుండా కదులుతుంది. ఈ వంపు ఒక వైపు ఎక్కువైనా, ఒక వైపు పళ్ళే పదునుగా ఉన్నా, కోత ఆ వైపుకు లాగుతుంది. ఎంత జాగ్రత్తగా కోసినా రంపం ఎప్పుడూ ఒకే దిక్కుకు జరుగుతుంటే లోపం చేతిలో కాక రంపంలో ఉండవచ్చు. ముక్కోణపు ఆకురాయితో పళ్ళను సరిచేయించి మళ్ళీ ప్రయత్నించాలి.

రంపం తినే వెడల్పును మరువరాదు. చేతిరంపానికి అది సుమారు ఒక మిల్లీమీటరు. గీత నడుమ కోస్తే ఉంచుకునే ముక్క నుండి అందులో సగం పోతుంది. అందువల్ల గీతకు ఆవల, పారవేసే ముక్క వైపున కోయాలి. కోత ముగిసిన తరువాత ఉంచుకున్న ముక్క అంచున కత్తిగీత ఇంకా కనిపించాలి. "గీతను కోయకు, గీతను కాపాడు" అని ఉస్తాద్ పదే పదే అనేవారు.

రెండు గీతలు, ఒక కోత

రంపాన్ని మూడు వ్రేళ్ళతో, బొటనవ్రేలితో పట్టి, చూపుడువ్రేలిని రేకు వెంట ముందుకు చాచాలి. బిగించి పట్టరాదు. భుజం, మోచేయి, మణికట్టు, రంపం, ఇవన్నీ ఒకే వరుసలో ఉండి, చేయి శరీరానికి తగలకుండా ముందుకూ వెనుకకూ ఆడాలి. మోచేయి ప్రక్కకు విడిస్తే రంపం వంపుగా పోతుంది.

కోతను మొదలుపెట్టేటప్పుడు ఎడమచేతి బొటనవ్రేలి గోటిని గీత వద్ద ఆనించి, దానికి రేకును తాకించి, బరువు వేయకుండా పొట్టి పొట్టి ఊపులతో గాడి చేయాలి. మొదటి నాలుగు ఊపులలో కోత దిశ నిర్ణయమైపోతుంది. గాడి లోతైన తరువాత రేకు ఆ గాడి గోడల మధ్యనే నడుస్తుంది. అప్పుడు రంపాన్ని మెలివేసి సరిచేయబోతే కోత మరింత చెడుతుంది. తప్పిందని అనిపించిన వెంటనే ఆగి, పై నుండి తేలికగా మళ్ళీ దిద్దుకుంటూ రావాలి.

ఇక ఉస్తాద్ చెప్పిన రెండు గీతల సంగతి. పలకను నిలబెట్టి చీల్చేటప్పుడు దాని తల మీద ఒక గీత, మనకు ఎదురుగా ఉన్న అంచు మీద మరో గీత ఉంటాయి. రంపాన్ని ఏటవాలుగా పట్టి, ఈ రెండు గీతలూ ఒకేసారి కంటికి కనిపించేటట్లు మూల నుండి కోయాలి. కొంత దిగిన తరువాత పలకను త్రిప్పి, రెండవ అంచు వైపు నుండి అదే విధంగా కోయాలి. అప్పుడు మొదటి గాడే రంపానికి దారి చూపుతుంది. నడుమ మిగిలిన మిట్టను చివరగా, రంపాన్ని అడ్డంగా పట్టి తీసివేయాలి. ఇలా త్రిప్పి త్రిప్పి కోస్తే చూడని అంచు అంటూ ఏదీ మిగలదు. మేము మొదటి పలకను ఒక్కసారి కూడా త్రిప్పలేదు.

అతుకు బిగువు

మనం వాడే తలుపులు, కిటికీలు, మంచాలు ఎక్కువగా కుసి మీద ఆధారపడి నిలుస్తాయి. ఒక కొయ్య చివర నాలుక వలె మిగిల్చిన భాగం కుసి. అది రెండవ కొయ్యలో తొలిచిన బెజ్జంలోకి దిగుతుంది. సామాన్యంగా కుసి మందం కొయ్య మందంలో మూడవ వంతు ఉంచుతారు. అంతకంటే సన్నగా ఉంటే కుసి విరగవచ్చు. మందంగా ఉంటే బెజ్జం ప్రక్క గోడలు బలహీనపడతాయి.

కుసి బెజ్జంలో ఎంత బిగువుగా ఉండాలి? చేతితో నొక్కితే సగం వరకు దిగాలి, మిగతాది కొయ్యసుత్తితో మెల్లగా తడితే దిగాలి. దానంతట అదే జారి పడితే వదులు. బలంగా బాదవలసి వస్తే కొయ్య చీలే ప్రమాదముంది. కొంచెం బిగువుగా కోసి ఉలితో పలుచగా గీకి సరిచేయడం ఉత్తమం. తీసిన కొయ్యను తిరిగి పెట్టలేము గదా.

బంక ఈ లోపాన్ని పూరిస్తుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. సాధారణంగా వాడే తెల్లని బంక రెండు కొయ్యముఖాలు గట్టిగా ఒరుసుకున్నప్పుడే పట్టు ఇస్తుంది. ఖాళీలో నిండిన బంకకు బలం ఉండదు. కొయ్య కోసిన తల వద్ద నార చివరలు బంకను పీల్చివేస్తాయి గనుక అక్కడ పట్టు ఇంకా తక్కువ. పొట్టు కూరి వార్నిషు పూసిన తలుపు మొదటి ఏడు బాగానే కనిపిస్తుంది. ఒక వర్షాకాలం, ఒక వేసవి గడిచేసరికి సందు మళ్ళీ నోరు తెరుస్తుంది. కొయ్య గాలిలోని తేమను పీల్చుకుని వెడల్పున ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకుంటుంది. పొడవున మాత్రం దాదాపు మారదు. బాగా ఆరని కొయ్యతో ఎంత నేర్పుగా చేసిన అతుకైనా విడిపోయేది ఇందువల్లనే. మా కిటికీ రెక్క దశాబ్దాలుగా ఆరిన టేకు. ఆ విషయంలో మాకు చింత లేకపోయింది.

పదహారు వేల ముక్కల మింబర్

కొయ్యలోని ఈ కదలికను గుర్తించి, దానికి చోటు విడిచిన కళ ఒకటి ముస్లిం దేశాలలో వికసించింది. తుర్కీలో దానిని కుందెకారీ అంటారు. నక్షత్రాలు, బహుభుజాల ఆకారంలో కోసిన చిన్న చిన్న పలకలను, గాడులు తీసిన సన్నని పట్టీల నడుమ మేకులు, బంక లేకుండా ఇమిడ్చే పద్ధతి అది. పలకలు గాడులలో స్వేచ్ఛగా ఉంటాయి గనుక ఉబ్బినా ముడుచుకున్నా పగలవు.

ఈ విధమైన పనితనానికి మస్జిదె అఖ్సాలోని మింబర్ గొప్ప ఉదాహరణ. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ ఆజ్ఞపై 1168-69 ప్రాంతంలో హలబ్ నగరంలో దాని పని మొదలైంది. బైతుల్ మఖ్దిస్‌లో దానిని ప్రతిష్ఠించాలన్నది ఆయన ఆశయం. అది నెరవేరకముందే 1174లో ఆయన కన్నుమూశారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ ఆ నగరాన్ని తిరిగి పొందిన తరువాత మింబర్‌ను హలబ్ నుండి తెప్పించారు. చేసిన వడ్రంగుల పేర్లు దాని మీదనే చెక్కబడి ఉండేవి. దాదాపు ఎనిమిది శతాబ్దాలు అది నిలిచింది. 1969 ఆగస్టు 21న ఒక దుండగుడు పెట్టిన మంటలలో దగ్ధమైంది.

దానిని తిరిగి నిర్మించాలనుకున్నప్పుడు పాత నిర్మాణ చిత్రాలేవీ లేవు. మిగిలినవి ఛాయాచిత్రాలు, కాలిన కొన్ని తునకలు. జోర్డాన్‌లో వివిధ దేశాల నిపుణులు ఆ రేఖాగణితాన్ని మొదట కాగితం మీద విప్పుకుని, తరువాత కొయ్యలో కోశారు. పదహారు వేలకు పైబడిన ముక్కలతో కూర్చిన కొత్త మింబర్ 2007లో మస్జిదె అఖ్సాకు చేరింది.

అన్ని ముక్కలు కలవడమంటే ఏమిటో చిన్న లెక్కతో ఊహించవచ్చు. ఎనిమిది ముక్కలతో ఒక అష్టభుజి చట్రం చేయాలంటే పదహారు కోతలు అవసరం. ప్రతి కోత ఇరవై రెండున్నర డిగ్రీలు ఉండాలి. ఒక్కో కోతలో అర డిగ్రీ మాత్రమే, అదీ ఒకే వైపుకు, తప్పిందనుకుందాం. ఏ ఒక్క అతుకులోనూ అది కంటికి పెద్దగా తెలియదు. కాని చివరి ముక్క వద్దకు వచ్చేసరికి ఆ తప్పులన్నీ కూడి ఎనిమిది డిగ్రీల సందుగా నోరు తెరుస్తాయి. మొదటి కోతలో ఉపేక్షించిన దోషం ఎక్కడో చివరి అతుకు మోయవలసి వస్తుంది.

మరువరాని గౌరవం

మన సమాజంలో చేతిపనివారిని చిన్నచూపు చూసే దురలవాటు ఉంది. ప్రవక్త జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. దైవప్రవక్త (స) ఖుత్బా ఇచ్చేందుకు మూడు మెట్ల మింబర్‌ను చేసింది, ఒక అన్సారీ స్త్రీ వద్ద పనిచేసే వడ్రంగి అని హదీసులలో ఉంది. పనిని లోపం లేకుండా, దృఢంగా ముగించడాన్ని అరబీలో ఇత్ఖాన్ అంటారు. కుసి ఎలా ఉందో బెజ్జంలో దిగిన తరువాత ఎవరికీ కనిపించదు. కనిపించని ఆ చోట పనివాడు ఏమి చేశాడన్నదే ఇత్ఖాన్‌కు పరీక్ష.

ఉస్తాద్ కుమారులిద్దరూ వేరే ఉద్యోగాలలో స్థిరపడ్డారు. యంత్రాలతో తయారైన తలుపులు వచ్చాక ఆయన అంగడికి వచ్చేవారు తగ్గారు. మూడవ సాయంత్రం ఆయన తన నిలువు కోత రంపాన్ని మా చేతికిచ్చి, "రెండో పలక దీంతోనే కోయండి. పాడైతే పాడైంది గాని, లోపల ఏమీ కూరకండి" అన్నారు.

రమజాన్‌కు రెండు రోజుల ముందు రెండవ పలకను చీల్చాము. నాలుగు ఊపులకు ఒకసారి త్రిప్పి చూస్తూ పోవడం వల్ల ఒక పూట అంతా పట్టింది. మడత దగ్గరపడుతుండగా రంపాన్ని ఉంచి ఉలి తీసుకున్నాము. రెక్కలను తెరిచినప్పుడు కొద్దిగా బిగువుగా కదిలాయి, చిటుక్కుమనలేదు. నాలుగవ కణుపు వద్ద మాత్రం కాగితం దూరేంత సందు ఉంది. ఉస్తాద్‌కు చూపాము. ఆయన ఆ సందులో గోరు పెట్టి చూసి, "బలానికి లోటు లేదు. అలాగే ఉంచండి, చాచా నేర్పింది కొంచెం మరిచారని గుర్తుంటుంది" అని నవ్వారు. మేము దానిని పూడ్చలేదు.

మా అమ్మాయి ఇప్పుడు ఆ రిహల్ మీదనే పఠిస్తోంది. సెలవు దినాలలో ఉస్తాద్ అంగడి వద్ద ముగ్గురు పిల్లలు కూర్చుంటున్నారు. వారిలో మా అబ్బాయి ఒకడు. మొదటి నెలంతా ఆయన వారిచేత ఏ వస్తువూ చేయించలేదు. పనికిరాని కొయ్యముక్క మీద కత్తితో గీత గీయడం, దానికి ఆవల కోయడం, గీత మిగిలిందో లేదో చూపించడం, ఇంతే. మీ ఊరిలోనూ ఇటువంటి ఉస్తాద్ ఒకరు ఉండవచ్చు. ఈసారి ఇంటికి తలుపో, పీటో కావలసి వచ్చినప్పుడు ముందు ఆయన వద్దకు వెళ్ళి చూడండి. వెంట మీ పిల్లలను కూడా తీసుకువెళ్ళండి.